బానలో పుట్టిన రెక్కలు

మణుగూరు అవతలి అడవి పల్లెలో ఎవరికి చలిజ్వరం వచ్చినా ఊరి పెద్దావిడ జంపక్క ఒకటే అడిగేది: "పండుగ కాకముందే మామిడికాయ కొరికినవా?" ఏటా కొత్త కాయను పండుగ చేసి ముందు దేవతకు పెట్టాలి. పెట్టక తింటే జ్వరం పట్టుకుంటుందని ఆమె గట్టి నమ్మకం. కాదన్నవాళ్ల నోరు అక్కడికక్కడే మూయించేది.

2006 తొలకరిలో పరీక్షకు రక్తపు చుక్కలు తీసుకోవడానికి వచ్చిన మలేరియా కార్యకర్త కళావతి, జ్వరం నీళ్లలో పుట్టే దోమతో వస్తుందని చెబితే జంపక్క కస్సుమంది. "నీళ్లల్ల పురుగుకు రెక్కలొస్తయా? ఎవలకు చెప్తున్నవ్?"

కళావతి వాదించలేదు. జంపక్క వాకిట్లోని బానలోంచే సీసాడు నీళ్లు ముంచి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, గూట్లో పెట్టి పోయింది. ఆ నీళ్లలో నూలుపోగుల్లాంటి పురుగులు కదులుతున్నాయి.

ఐదో రోజు పొద్దున జంపక్క పని మానుకుని సీసా ముందు కూర్చుంది. నీటి మీద తేలిన ఒక పురుగు వీపు మెల్లగా చీలింది. అందులోంచి తడి రెక్కలు లేచాయి. విడిచిన పొట్టు మీదే కాసేపు నిలబడి, దోమ గుడ్డ దాకా ఎగిరింది. జంపక్క తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

కళావతి తిరిగొచ్చేసరికి వాకిట్లో బాన బోర్లించి ఉంది.

"చూసిన బిడ్డా," అంది జంపక్క, సీసా మీంచి చూపు తిప్పకుండా. "రెక్కలొచ్చుడు నిజమైతే నువ్వు చెప్పిందంతా నిజమే. ఇరవై ఏండ్ల కింద నా బిడ్డ జ్వరంతోని పోయింది. కాయ ముట్టలేదమ్మా అని ఒట్టు పెట్టింది. నేను నమ్మలే."