పీకించుకోని జ్ఞానదంతం

కెనడాలోని మిల్టన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలు అద్దెకుండేవారు. రెండువేల ఇరవై మూడు వేసవిలో నలుగురికీ ఒకటే పిచ్చి పట్టింది. కాలేజీ ఇచ్చిన ఇన్సూరెన్స్ ఆగస్టుతో ముగిసేలోపు జ్ఞానదంతాలు పీకించేసుకోవాలి. నొప్పి ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఊరికే వస్తుంటే వదులుకోవడం ఎందుకని వాళ్ల వాదన. అందరికన్నా ముందు అపాయింట్‌మెంట్ తీసుకున్నది మన భవిత.

జగిత్యాల నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల. పొద్దున కాఫీ షాపులో షిఫ్టు, మధ్యాహ్నం క్లాసు, రెండింటికీ మధ్య బస్సులో నిద్ర. పదహారో ఏట ఎడమవైపు కింది దవడ పన్ను పుచ్చిపోతే తీసేశారు. అప్పటినుంచి ఏది తిన్నా కుడివైపే నమలడం. మిగతా అన్ని కష్టాలకూ నవ్వేసే పిల్లకు ఆ ఒక్కటే దిగులు. ఖాళీ పూడ్చడానికి ఊళ్లో క్లిప్పులు వేయించుకుని, వాటితోనే విమానం ఎక్కేసింది. ఇక్కడ ఆ వైద్యాన్ని గుంటూరాయన, డాక్టర్ రంగనాథ్ గారు అందుకున్నారు. ఖాళీకి వెనకున్న పన్నును నెలనెలా కాస్త కాస్త ముందుకు జరుపుతున్నారు.

రేపు పీకించుకోవడం అనగా, తీగ బిగించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లి ఆ సంగతి గొప్పగా చెప్పింది. నాలుగూ తీయించేస్తుందట. ఆయన చెయ్యి ఆగిపోయింది. తిట్టలేదు. తెర మీద రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టారు. నిరుటి దాంట్లో ఎడమ కింది జ్ఞానదంతానికి సగమే వేరు ఉంది, ఎదగని ముల్లంగిలాగా. ఈ నెల దాంట్లో వేరు బాగా పొడుగైంది. పన్ను కూడా ముందుకు జరిగింది.

"నేను లాగేది ముందున్న పన్నునే అమ్మాయ్. దాని వెనకాలే ఇది తనంతట తాను నడిచొస్తోంది. దీన్ని పీకించావా, వెనక మళ్లీ ఖాళీయే."

భవిత కుర్చీలోంచి తెర వైపు వంగింది.

"గట్ల జరుగుతుంటే దీని వేరు ఖరాబ్ కాదా సార్?"

కొందరికి పొట్టిగా ఆగిపోవచ్చనీ, కొందరికి వంకర పోవచ్చనీ, అందుకే నిదానంగా జరుపుతున్నాననీ ఆయన దాచకుండా చెప్పారు. ఆమె పంటి వేరు కొసన కొంచెం వంగిందట, ఎదుగుదల మాత్రం ఆగలేదట. ఇంకా చిగుళ్ల కిందే ఉన్న ఆ పన్ను పైకి వచ్చి తీరుతుందని మాత్రం మాట ఇవ్వలేనన్నారు.

మాట ఇవ్వని డాక్టరును నమ్మడానికి గుండె కావాలి. భవితకు అది ఉంది. పార్కింగ్ లాట్‌లో నిలబడే అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసింది. ఇంట్లో ముగ్గురూ వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. మరుసటి వారం వాళ్లు పళ్లు పీకించుకుని, బుగ్గలు వాచి పడుకుంటే, జావ కాచి పోసింది ఈ వెర్రిదే.

చలికాలమంతా ఎడమ చిగుళ్ల చివర నాలుకతో తడుముకుంటూనే గడిపింది. ఏప్రిల్‌లో ఒక ఉదయం, కాఫీ అందిస్తూ అందిస్తూ ఉండగా, నాలుకకు గట్టిగా ఏదో తగిలింది. ఎదురుగా ఉన్న పెద్దాయనకు రెండుసార్లు థాంక్యూ చెప్పేసింది. ఆ సంతోషం ఆయనకేం తెలుసు పాపం.

పన్ను పూర్తిగా పైకొచ్చి కుదురుకునేసరికి మరో ఏడాది పట్టింది. రంగనాథ్ గారు క్లిప్పులు విప్పి, చివరి ఎక్స్‌రే చూసి, వేరు పూర్తయిందన్నారు. తన టిఫిన్ సంచిలోంచి వేయించిన శనగల డబ్బా తీసి, ఎడమవైపు నమలమన్నారు.

ఒక గింజ వేసుకుంది. ఎడమ చెవిలో కరకరమని వినిపించింది. ఆరేళ్లుగా ఆ చెవి ఆ చప్పుడు ఎరగదు. కళ్లలో నీళ్లు, నోటినిండా శనగలు. బయట ఇంకో పేషెంటు కూర్చున్నా సరే, డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె ఆ కుర్చీ దిగలేదు.