పట్నం తొక్కిన సేటు

కడారి దుర్గయ్య పెద్దమనసుతో క్షమించాడని చెప్పేవాళ్లు కోదాడలో ఇప్పటికీ ఉన్నారు. నమ్మకండి. కళాకారుడు పోయాక అతనికి పెద్దమనసు అంటగట్టడం మనకు అలవాటు; పైసా ఖర్చు లేని పని. దుర్గయ్య పగ పట్టాడు, తీర్చుకున్నాడు, తీర్చుకున్నందుకు బతికినన్నాళ్లూ హాయిగా ఉన్నాడు.

ఆయన కురుమల ఇంట పుట్టాడు. గొర్రెలు కాస్తూ ఒగ్గు కథ నేర్చాడు. సాగర్ కాలువ తవ్వుతున్న రోజుల్లో ప్రతి శనివారం కోదాడ అంగడిలో కథ చెప్పేవాడు. జగ్గు అనే చిన్న డమరుకం ఆయన చేతిలో, డోలు బావమరిది కైలాసం మెడలో. కథ ఒక్కటే, వాళ్ల కులదేవుడి పెళ్లి. ఒక పూటలో తేలేది కాదు. పోయిన వారం ఆపిన చోట ఈ వారం ఎత్తుకునేవాడు.

కథకు ముందు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో నేలమీద పట్నం వేసేవాడు. చూసేవాళ్లకు ముగ్గులా ఉంటుంది. వాళ్లకది దేవుడు కూర్చునే చోటు. పూట ముగిశాక ఆ పొడిని చేత్తో ఎత్తి గుడ్డలో కట్టుకునేవాడు. దేవుడి పెళ్లి అయిపోయే చివరి వారం మాత్రం వట్టి కాళ్లతో, డోలు దెబ్బ మీద తొక్కేవాడు. పట్నం తొక్కితే కథ ముగిసినట్టు. గొర్రె వెంట తిరిగే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు.

తెలియనివాడు రామలింగయ్య సేటు. బియ్యం మిల్లు ఆయనదే. అంగడికి వచ్చే ప్రతి గొర్రెకూ గంపకూ రుసుము వసూలు చేసుకునే తైబజారు కాంట్రాక్టూ ఆయనదే. సభల్లో ఆయన కళల గురించి కళ్లు తుడుచుకుంటూ మాట్లాడేవాడు. తన అంగడి నిండేది దేనివల్లో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. మేళ్లచెరువు మందలు దగ్గరున్న హుజూర్‌నగర్‌ను వదిలేసి మరీ కోదాడకు వచ్చేవి కథ కోసం. మందలు వస్తాయని సూర్యాపేట, మిర్యాలగూడ బేరగాళ్లు వచ్చేవాళ్లు. వాళ్ల చేతిలో డబ్బు ఆడుతుంది గనుక గొంగళ్లు, కత్తులు, మిరపకాయ బజ్జీలు, అన్నమ్మ గంపలో ఉడకబెట్టిన శనగ గుడాలు అమ్ముడుపోయేవి. దీన్ని కళాసేవ అనక్కర్లేదు. వ్యాపారం అంటే చాలు.

ఒక శనివారం కథలో దేవుడు పిల్లను ఎత్తుకుని వాగు ఒడ్డుకు చేరాడు. వాగు పొంగుతోంది. వెనక పిల్ల మేనమామలు బరిసెలు పట్టుకుని వస్తున్నారు. జనం ఊపిరి బిగబట్టి ఉన్నారు. అప్పుడు ఎరువుల కంపెనీ జీపు వచ్చింది, నెత్తిన మైకుతో. ఆ ఎరువుకు ఏజెంటు సేటే.

"లెగువయ్యా దుర్గయ్యా, జీపు ఇక్కడ పెట్టాలి."

"జర ఆగు సేటూ. పెండ్లికొడుకు వాగు కాడున్నడు."

"మీ పెళ్లికొడుకు ఎప్పుడూ వాగు దగ్గరే ఉంటాడు. కంపెనీవాళ్లు నల్లగొండ నుంచి వచ్చారు."

"పోనీ, పట్నం ఎత్తుకోనియ్యి."

"ముగ్గే కదా, మళ్లీ వేసుకోవచ్చులే." అంటూ సేటు చెప్పులతో పట్నం మధ్యలోంచి నడిచి వెళ్లి, జీపుకు చోటు చూపించాడు.

కైలాసం డోలు కర్ర ఎత్తాడు, సేటు వీపు వైపు. దుర్గయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "కొడితె గీ పొద్దుతోని ఖతమయితది. నాకు గంత సిన్నది వద్దు" అని జనం వైపు తిరిగాడు. "సూసిండ్రు గదా? సేటు పట్నం తొక్కిండు. కోదాడల కథ ఒడిసింది. పెండ్లికొడుకు వాగు దాటిండో లేదో తెల్వాల్నంటె మంగళారం హుజూర్‌నగర్ అంగడికి రాండ్రి."

వాగు దగ్గర దేవుణ్ణి వదిలేసి ఏ గొర్రెలకాపరి ఇంట్లో కూర్చుంటాడు? మంగళవారం మందలు హుజూర్‌నగర్‌కు నడిచాయి. ఆ వారం మేనమామలు వాగు దాకా వచ్చారు, దేవుడు దాటలేదు. పై వారం పడవవాడు బేరానికి దిగాడు; దేవుడు దాటలేదు. దుర్గయ్య కావాలనే సాగదీశాడు. అక్కడి కాంట్రాక్టర్ జైరాం కళాపోషకుడేమీ కాదు. లెక్క తెలిసిన మనిషి. దుర్గయ్య కూర్చునే చోట తాటాకు పందిరి వేయించి, కుండలో నీళ్లు పెట్టించి, "ఈ జాగల ఇంకెవరు కాలుపెట్టొద్దు" అని చెప్పాడు. కళాకారుణ్ణి ఆదుకోవడం అంటే అంతే. ఉపన్యాసం లేదు.

కోదాడలో దెబ్బ సేటుకంటే ముందు అన్నమ్మకు తగిలింది. గంప అమ్ముడుపోక నేరుగా దుర్గయ్య ఇంటికి వచ్చింది.

"సేటు మీది కోపం నా గుడాల మీద తీస్తున్నవా అన్నా? నేనేం తొక్కిన?"

"నువ్వేం తొక్కలె. హుజూర్‌నగర్ రా."

"బస్సు కిరాయి నీ దేవుడిస్తడా?"

"ఇయ్యడు. కైలాసం డోలు నువ్వు పట్టుకో, నీ గంప వాడు మోస్తడు. ఇద్దరు నడుసుకుంట రాండ్రి."

ఆమె బూతులు తిట్టింది. దుర్గయ్య మాత్రం పగ తగ్గించుకోలేదు. మూడో వారం ఆమె గంప హుజూర్‌నగర్ పందిరి పక్కన దిగింది.

ఎండలు ముదిరేసరికి కోదాడ గొర్రెల అంగడి బోసిపోయింది. సేటు తానే హుజూర్‌నగర్ వచ్చాడు. దుర్గయ్య ఆయన్ని దూరం నుంచే చూశాడు. ఆ పూట కథలోకి పడవవాడి తమ్ముడొకడు దిగాడు. పెద్ద పొట్ట, కిర్రు చెప్పులు, పుట్టినప్పటి నుంచి కింద చూసి నడవని మనిషి. దేవుడి పీట తొక్కి, పేడ తొక్కి, చివరికి తన నీడనే తొక్కి బోర్లా పడ్డాడు. జనం నవ్వి నవ్వి సేటు చెప్పుల వైపు చూశారు. లేచి వెళ్తే ఆ వేషం తనదేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఎండలో, పందిరి బయట, సేటు చివరి దాకా నిలబడ్డాడు. ఆ రోజే దేవుడు వాగు దాటాడు, పెళ్లయింది, దుర్గయ్య పట్నం తొక్కాడు.

"దుర్గయ్యా, శనివారం మళ్లీ మొదలుపెడుదువుగానీ" అన్నాడు సేటు. "పందిరేయిస్తా. మైకు కూడా."

"ఏం మొదలువెట్టాలె సేటూ? గాడ కథ ఒడగొట్టినోనివి నువ్వే."

"తెలీక తొక్కానయ్యా."

"తెల్వకనే తొక్కినవ్. నేను తెలిసే పోయిన."

అన్నమ్మ గుడాల పొట్లం చేతికిచ్చింది. "నిలవడే తిను సేటూ. కూసునే జాగ జైరాంది."

మరుసటి ఏడు కోదాడ తైబజారు వేలంలో సేటు పాట మీద ఎవరూ పైకి పాడలేదు. ఆయనకే అంటుకుంది, ఖాళీ నేల. గొర్రెలు నిలిచే చోట మిల్లు వడ్లు ఆరబోయించుకున్నాడు. దుర్గయ్యకు ఆ మాట చేరింది. నడక మానేసి, ప్రతి మంగళవారం ఉదయం ఆ నేల పక్క నుంచి హుజూర్‌నగర్ వెళ్లే బస్సే ఎక్కేవాడు. సేటు వడ్ల దగ్గర కనిపించిన రోజున కిటికీలోంచి జగ్గు బయటపెట్టి గట్టిగా ఒక్క దెబ్బ కొట్టేవాడు.

సేటు తల ఎత్తేవాడు కాదట. దుర్గయ్యకు అది చాలు.