మామయ్య కుళ్ళూ, డాక్టరుగారి కారూ

మా మామయ్యకి ఉన్నది ఒకటే గుణం. కుళ్ళు. ఎదుటివాడి దగ్గర ఏదైనా కనబడితే చాలు, ఆయన కడుపు మండిపోయేది. ఆ మాటకొస్తే కుళ్ళు అందరికీ ఉంటుంది. మర్యాదస్తులు దాన్ని లోపలే దాచుకుని, పైకి “చాలా సంతోషమండీ” అంటారు. మామయ్యకి ఆ మర్యాద తెలీదు. ఆయన వీధి ఈ చివర కుళ్ళుకుంటే ఆ చివర ఇంట్లో వాళ్ళు కిటికీ తెరిచేవారు.

ఆయన దర్జీ. మా వీధి మలుపులో ఇంటి ముందుగదే ఆయన కొట్టు, అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక నిలువుటద్దం, అద్దం ముందు అరిగిపోయిన చెక్కపీట. వచ్చినవాణ్ణి పీట మీద నిలబెట్టి, మెడలోంచి టేపు తీస్తూనే మొదలుపెట్టేవాడు.

“ఏం భుజాలండీ ఇవి! కోటు తగిలిస్తే దానంతటదే కూర్చుంటుంది. నాకూ ఉన్నాయి, ఎందుకు? చొక్కా జారిపోకుండా ఆపడానికే సరిపోవు. మిమ్మల్ని చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. ఏదీ, చెయ్యి పైకెత్తండి.”

లోపలినుంచి అత్తయ్య కేకేసేది. “ఆ కుళ్ళేదో కత్తెర కింద పెట్టాక కుళ్ళుకోండి. వేలు తెగుతుంది.”

సరే, కుళ్ళుబోతులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. కానీ కుళ్ళుకోవడానికైనా కొంచెం తెలివితేటలు ఉండాలా వద్దా? మా ఎదురుగా పిండిమిల్లు యజమాని మూడంతస్తుల మేడ కట్టి, మామయ్యని పిలిచి గదిగదీ తిప్పి చూపించాడు. మామయ్య ప్రతి గదిలోనూ ఆవలించాడు. అక్కణ్ణించి తిరిగొస్తూ, పార్సిలాఫీసు గుమాస్తా చేతిలో నాలుగుచోట్ల మాసికలు పడ్డ గొడుగు చూసి నడిరోడ్డు మీద ఆగిపోయాడు.

“ఎన్ని వానలు చూసుంటుందయ్యా ఈ గొడుగు! నా గొడుగులు మొదటి గాలికే పారిపోతాయి. నీ అదృష్టం చూస్తే నాకు నిద్రపట్టదు.”

సంగీతం పంతులమ్మ దగ్గర శిష్యురాళ్ళందరూ మానేస్తే, ఆవిడ గుమ్మంలో నిలబడి కూడా అదే వరస. “పొద్దున్నే మీకిష్టమైన పాట మీరే హాయిగా పాడుకోవచ్చు. మధ్యలో అపశ్రుతి పలికే గొంతు ఒక్కటీ లేదు. నాకు లేదమ్మా ఆ యోగం. రోజంతా ఈ మిషన్ల రొదే.”

ఇంతకీ నా బాధ వేరు. ఊరందరినీ చూసి కుళ్ళుకున్న మామయ్య నన్ను చూసి ఒక్కసారీ కుళ్ళుకోలేదు. నేను సొంత మేనల్లుణ్ణి. ఆయన పక్కవాటాలోనే ఉంటాను. క్లాసులో మొదటివాడిగా పాసైతే, “మంచిదిరా, కాఫీ తాగుతావా?” అన్నాడు. కొత్త స్కూటరు కొంటే బ్రేకులు చూసుకోమన్నాడు. నా పెళ్ళిలో, అంత అందమైన పెళ్ళికూతురు పక్కన నేను నిలబడి ఉంటే, “సుఖంగా ఉండండి” అని ఒక్క ముక్క అనేసి, వంటవాడి గరిటె చూసి కుళ్ళుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ గరిటెని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంటే. నాకు లేనిదేమిటి, దానికి ఉన్నదేమిటి?

ఆ మంట మీద పెట్రోలు పోసింది పళ్ళ డాక్టరుగారి కారు.

డాక్టరుగారిది మా వెనకిల్లు. పెద్దవీధిలో కొత్త క్లినిక్కు ఒకటి వెలిసి, పడుకున్న పేషెంటుకి కనబడేలా పైకప్పుకి టీవీ బిగించేసరికి, ఊళ్ళో పళ్ళన్నీ అటు వెళ్ళిపోయాయి. డాక్టరుగారు తన క్లినిక్కు మూసేసి వరండాలో కుర్చీ వేసుకున్నారు. ఎవరితోనూ మాటల్లేవు. పలకరిస్తే తలూపడం, పలకరించకపోతే అదీ లేదు. పాపం డాక్టరమ్మ మా అత్తయ్య దగ్గరికొచ్చి కళ్ళు తుడుచుకునేది.

అలాంటి మనిషి ఒకరోజు పాత సామాన్ల వాడి దగ్గర్నుంచి ఒక తుప్పు కుప్పని లారీ మీద తెప్పించి షెడ్డులో దింపించారు. అది ఒకప్పుడు ఇంగ్లాండులో తయారైన స్పోర్ట్స్ కారట. రెండే సీట్లు, అవీ లేవు. పైకప్పు గుడ్డదట, అదీ లేదు. సైకిలుకున్నట్టు స్పోకుల చక్రాలు మాత్రం ఉన్నాయి, స్పోకుల్లేకుండా. వీధంతా వచ్చి చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరుగారి ముఖం ఇంత చిన్నదైపోయింది. అప్పుడొచ్చాడు మామయ్య, మెడలో టేపుతో. షెడ్డు గుమ్మంలో నిలబడి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

“డాక్టరుగారూ! ఈ తుప్పంతా మీదేనా?”

“ఆఁ. నాదే.”

“మొత్తం? ఎవరికీ వాటా లేదా?”

“లేదయ్యా.”

“అబ్బ! కడుపు మండిపోతోందండీ. ఇది గీకడం మొదలుపెడితే కింద ఏ రంగు బయటపడుతుందో, ఆ చూసే యోగం మీ ఒక్కరికే కదా! నాకు ఎవరిచ్చారు ఇంత తుప్పు?”

డాక్టరుగారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు. “ఇంతకే మండితే ఎలా? ఇంకా చూస్తావుగా” అన్నారు. ఆ మర్నాడే పళ్ళు గీరే సూది తీసుకుని షెడ్డులోకి దూరారు.

ఇంక అక్కణ్ణించి ఆ ఇద్దరిదీ పోటీ. డాక్టరుగారు రాత్రనకా పగలనకా కారు బాగుచేసింది కారు మీద ప్రేమతో కాదు, మామయ్యని కుళ్ళుతో మాడ్చెయ్యాలని. ఆ సంగతి ఆయనే అందరితోనూ చెప్పేవారు. బానెట్ ఎత్తుతూ “ఏదీ, నోరు పెద్దగా తెరువు” అనేవారు. బిగిసిపోయిన బోల్టు తిప్పుతూ “కొంచెం నొప్పెడుతుంది, ఓర్చుకో” అనేవారు. ఏదో ఒక ముక్క తళతళలాడగానే గోడ మీంచి కేక. “ఏమయ్యా టైలరూ! ఒకసారి వచ్చి కుళ్ళి వెళ్ళు!”

మామయ్య చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాడు. హారన్ చూసి కుళ్ళాడు. అద్దం తుడిచే పుల్ల చూసి కుళ్ళాడు. రెండు కార్బురేటర్లు ఉన్నాయని తెలిసి, “మామూలు మనుషులకి ఒకటే కదండీ!” అని మెట్ల మీద కూలబడ్డాడు. చివరికి సీట్ల తోలూ, టాపు గుడ్డా కుట్టింది కూడా ఆయనే. కుట్టినన్నాళ్ళూ, “ఇంత మంచి గుడ్డ కారుకి తొడుగుతారా, నాకు ఒక్క కోటైనా లేదు” అని సణుగుతూనే కుట్టాడు.

కారు తయారైంది. ముదురాకుపచ్చ రంగు. పొట్టిగా, పొడుగాటి ముక్కుతో, స్టార్టు చేస్తే పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. డాక్టరుగారు టాపు మడిచేసి వీధిలో తిరుగుతుంటే నవ్వినవాళ్ళందరూ గోడవారకి తప్పుకుని చూశారు. నాకూ కుళ్ళు పుట్టింది, కారుని చూసి కాదు. ఆ కారు పక్కన మామయ్య వగరుస్తూ పరిగెడుతూ, “చంపేశారు డాక్టరుగారూ! ఇవాళ నేను అన్నం తినలేను!” అంటున్నాడు, అందుకు. నా స్కూటరు పక్కన ఆయన ఎప్పుడైనా పరిగెత్తాడా?

తర్వాత డాక్టరుగారి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ కారేమో నేలకి జానెడెత్తు. ఎక్కడం అంటే పడిపోవడమే కాబట్టి ఎక్కగలిగేవారు. దిగడం ఆయన వల్ల కాలేదు. ఒకరోజు ఇంటి ముందు ఇరుక్కుపోయారు. ఒక చెయ్యి డాక్టరమ్మ, ఒక చెయ్యి నేను పట్టుకు లాగుతుంటే మామయ్య వచ్చాడు.

“చూశారా, కారే మిమ్మల్ని వదలనంటోంది! నన్ను ఇంతవరకూ ఏ వస్తువైనా ఇలా పట్టుకుందా?”

“అన్నయ్యగారూ, కుళ్ళు తర్వాత. ముందు నడుం పట్టుకోండి!” అంది డాక్టరమ్మ.

ఆ మర్నాడు షెడ్డు తలుపుకి ‘కారు అమ్మబడును’ అని అట్ట వేలాడింది. డాక్టరుగారు మళ్ళీ వరండా కుర్చీలోకి వచ్చారు. డాక్టరమ్మ మళ్ళీ అత్తయ్య దగ్గరికి వచ్చింది. “కారు పోతుందని కాదు వదినా. అది పోయాక ఈ మనిషి మళ్ళీ ఆ కుర్చీలో రాయిలా కూర్చుండిపోతారేమోనని నా భయం.”

బేరాలొచ్చాయి. మొదట సెంటు పూసుకున్న ఒక కాంట్రాక్టరు వచ్చి, కారు కిందికి తొంగిచూసి ముక్కు విరిచాడు.

“నూనె కారుతోందేమిటండీ?”

“కారుతుంది. కారడం మానేస్తే భయపడాలి. లోపల అయిపోయిందన్నమాట.”

“ఏసీ?”

“టాపు తీస్తే అదే ఏసీ.”

పక్కనే నిలబడి మామయ్య, “తీసుకెళ్ళిపోతారా? నా కళ్ళముందే తీసుకెళ్ళిపోతారా?” అని నిట్టూరుస్తుంటే, ఆ కాంట్రాక్టరు నన్ను పక్కకి లాగి, “రేటు పెంచడానికి ఈయన్ని పెట్టుకున్నారా?” అని అడిగి వెళ్ళిపోయాడు.

తర్వాత ఫొటో స్టూడియో ఆయన. “మేం నడపం సార్. కొత్త దంపతుల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తాం. ఇంజను బరువు కదా, కావాలంటే పీకేసి మీరే ఉంచుకోండి.”

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. “బాగున్న పళ్ళు పీకే అలవాటు నాకు లేదు. వెళ్ళి రండి.”

ఆ సాయంత్రం కాఫీ కూడా ముట్టుకోలేదట.

చివరికి ఒకావిడ వచ్చింది. సిటీ బస్సు నడుపుతుంది. డ్యూటీ దిగి అదే ఖాకీ చొక్కాతో, జుట్టు నిండా దుమ్ముతో వచ్చింది. నూనె గురించి అడగలేదు, ఏసీ గురించి అడగలేదు. కారు చుట్టూ తిరిగి, కిందికి వంగి, సీటులో కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టింది.

“మీకెందుకమ్మా ఇది?” అన్నారు డాక్టరుగారు.

“రోజంతా అందరికన్నా ఎత్తులో కూర్చుంటానండీ. వెనకాల బస్సునిండా జనం. ఆలస్యమైందని ఒకరు, కుదిపేశానని ఒకరు తిడతారు. వెనకాల సీటే లేని బండి ఒకటి నడపాలని నా కోరిక.”

డాక్టరుగారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, “సాయంత్రంపూట కాస్త మొండికేస్తుంది. తిట్టకు, బతిమాలు” అన్నారు.

మామయ్య ఊరుకుంటాడా? “అంత పెద్ద బస్సూ మీదే, ఇంత చిన్న కారూ మీదేనా? ఇదేం న్యాయమమ్మా? మాకు ఏదో ఒకటైనా మిగల్చొద్దూ?”

ఆవిడ తెల్లబోయి, తర్వాత నవ్వింది. “నన్ను చూసి కుళ్ళుకున్నవాళ్ళు మీరే మొదలండీ” అని, భుజాలు విరుచుకుని మరీ కారు తీసింది.

కారు మలుపు తిరిగింది. చప్పుడు కూడా వినపడకుండా పోయింది. డాక్టరుగారు షెడ్డులోకి వెళ్ళి నిలబడ్డారు. నేల మీద ఒక నూనె మరక, గోడకి పళ్ళ సూదులు, అంతే. డాక్టరమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ మనిషిని చూస్తే నాకూ ఏడుపొచ్చింది.

మామయ్య లోపలికి అడుగుపెట్టాడు. నాలుగు గోడలూ చూశాడు, పైకప్పు చూశాడు. మెడలోంచి టేపు తీసి ఈ గోడనుంచి ఆ గోడకి కొలిచాడు. ఆయన ముఖం నల్లగా మాడిపోయింది.

“డాక్టరుగారూ, ఈ ఖాళీ అంతా మీదేనా?”

డాక్టరుగారు నూనె మరకకేసే చూస్తున్నారు.

“నా కొట్లో కత్తెర పెట్టాలంటే ఇస్త్రీపెట్టె తియ్యాలి. మీకేమో ఇంత ఖాళీ! ఇందులో ఏమైనా పెట్టుకోవచ్చు. ఏం పెట్టాలా అని ఆలోచించుకుంటూ కూర్చోవచ్చు. ఛ, నేనింక ఇక్కడ నిలబడలేను.”

డాక్టరుగారి మెడ మెల్లిగా నిటారుగా లేచింది. “అప్పుడేనా? ఇందులో ఏం పెట్టబోతున్నానో తెలిస్తే నువ్వు మంచం పడతావు.”

“ఏం పెడతారేం?”

ఏం పెడతారో ఆయనకీ తెలీదు. అటూ ఇటూ చూశారు. “చెప్పను. చూస్తూండు. ఈసారి వంగకుండా, నిలబడి చేసే పని” అన్నారు.

తిరిగొస్తూ దారిలో అడిగాను. “ఖాళీ షెడ్డుని చూసి కుళ్ళేమిటి మామయ్యా?”

“డాక్టరు ముఖం చూశావా?”

“చూశాను.”

“మరింకేం?” అని ఈలేసుకుంటూ కొట్లోకి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెలిగింది నాకు. మాసికల గొడుగు, శిష్యురాళ్ళు లేని పంతులమ్మ, ఆఖరికి నా పెళ్ళిలో ఆ గరిటె కూడా. కూరలో ఉప్పెక్కువైందని అందరూ ఆ వంటవాణ్ణి దులిపేసిన రోజది. ఆవలిస్తూ తిరిగిన మేడ కూడా గుర్తొచ్చింది. నేను వెనక్కి పరిగెత్తాను.

“మరి నన్ను చూసి ఎప్పుడూ కుళ్ళుకోలేదే?”

మామయ్య సూదిలో దారం ఎక్కిస్తూ, “నీకా అవసరం ఎప్పుడు పడిందిరా? పడకూడదు కూడా” అన్నాడు.

నా జీవితంలో నన్నెవరూ అంత గొప్పగా పొగడలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి డాక్టరుగారి షెడ్డులోకి, నిలబడి చేత్తో లాగి నడిపే పాత అచ్చుమిషను ఒకటి లారీ దిగింది. మామయ్య గుమ్మంలో గుండె పట్టుకుని, “ఈ తుప్పు కూడా మీదేనా!” అని అరిచిన అరుపు మా ఆఫీసుకి వినపడిందంటే నమ్మండి. ఈసారి నాకేమీ మండలేదు. హాయిగా నవ్వుకున్నాను.

మొన్న ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్ళి పీట మీద నిలబడ్డాను. మామయ్య నా నడుం చుట్టూ టేపు తిప్పాడు. అంకె చూశాడు. మళ్ళీ తిప్పి మళ్ళీ చూశాడు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

“ఏం పొట్టరా ఇది! ఎంత నిండుగా, ఎంత పెద్దమనిషి తరహాగా ఉంది! నిన్ను చూస్తే నాకు కడుపు మండిపోతోంది.”

నా గుండె ఆగినంత పనైంది. గబగబా పీట దిగి, నిలువుటద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నాను. ఆ పూటనుంచి కాఫీలో పంచదార మానేశాను.