మబ్బు రోజు మేత

పాలకొల్లులో పక్క వాటాలో ఉండే రామతులసిగారు కంటి ఆపరేషనుకని విశాఖపట్నం చెల్లెలింటికి వెళుతూ తాళంచెవి లోవలక్ష్మి చేతిలో పెట్టారు. హాల్లో గాజుతొట్టె. అందులో గోల్డ్‌ఫిష్‌లు.

"పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. చిట్టికి మాత్రం గారమెక్కువ. దాన్ని పేరు పెట్టి పిలిచి వెయ్యాలి."

"చేపని పిలవడమేంటండి అక్కగారూ! మా ఇళ్లల్లో పులుసు పెడతామండి."

"ఆ మాట దాని చెవిన పడనివ్వకు! చెరువు గట్టు మీద కాపురం చేసినదానివి, నీకు నేను చెప్పాలా? నా పిల్లల్ని నీకప్పగిస్తున్నా."

ఆ చివరి మాటకి లోవలక్ష్మి తాళంచెవిని కొంగుకి గట్టిగా ముడేసుకుంది. ఆమె భర్త వెంకటరమణ చేపల చెరువుల దగ్గర మేత పని చేసేవాడు. పోయిన వేసవిలో కన్నుమూశాడు. ఆ తరవాత ఆమెకి ఎవరూ ఏ ప్రాణాన్నీ అప్పగించలేదు, కోడిపెట్టనైనా.

మర్నాడు పొద్దున్నే ఆకాశం మూసుకుపోయింది. మబ్బు పట్టిన రోజు చెరువులో మేత వెయ్యరు. ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది, తిన్న చేప తట్టుకోలేక తేలిపోతుంది. కాపురానికొచ్చిన కొత్తలోనే వెంకటరమణ చెప్పిన సంగతి అది. లోవలక్ష్మి కిటికీలోంచి పైకి చూసి, మేత డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

తొట్టె దగ్గరికి వెళితే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి. చెరువులో చేప అలా పైకొచ్చి నోరు తెరిస్తే ఊపిరాడట్లేదని లెక్క. గబగబా తొట్టెలో నీళ్లే గ్లాసుతో ముంచి, గాలి కలవాలని ఎత్తు నుంచి పోసింది. చేపలు చెదిరాయి. చేతిలో గ్లాసు దించేలోగా మళ్లీ వచ్చాయి, మళ్లీ నోళ్లు.

బుడగల మోటారు గుడగుడమంటూనే ఉంది. మరి గాలికేం లోటు? ఒకవేళ ఆకలేమో? వేస్తే చస్తాయేమో, వెయ్యకపోయినా చస్తాయేమో. వేళ్ల మధ్య చిటికెడు మేత పట్టుకుని ఎంతసేపో నిలబడింది. చివరికి అది డబ్బాలోనే రాల్చేసింది. ఆ మర్నాడూ ముసురు వదల్లేదు. ఇంక ఉండబట్టలేక ఫోను చేసింది.

"అక్కగారూ, చేపలు నోళ్లు తెరుస్తున్నాయండి."

"ఆకలే పిచ్చిదానా! మనిషి కనిపిస్తే చాలు, అడుగుతాయి. మేత వేస్తున్నావు కదా?"

"లేదండి. మబ్బుగా ఉంది కదండి."

అవతల పకపకా నవ్వు. "హాల్లో తొట్టెకి మబ్బేంటే తల్లీ! నన్ను నవ్వించకు, కంటికట్టు ఊడిపోతుంది. ముందు చిటికెడు వెయ్యి. తిన్నాక కూడా అడుగుతాయి, పట్టించుకోకు."

మేత పడీ పడగానే నీళ్లు ఉడికినట్టయ్యాయి. "చిట్టీ" అని పిలవడానికి సిగ్గేసి, చిన్నగా పిలిచింది. అది కూడా వచ్చి తింది. బతికాయి. లోవలక్ష్మి కళ్లు తుడుచుకుంది.

అంతలోనే చేపలన్నీ మళ్లీ నోళ్లు తెరిచాయి.

ఆసుపత్రిలో వెంకటరమణ కూడా అంతే, మాట పడిపోయాక ఆమెకేసి చూస్తూ నోరు తెరిచేవాడు. ఊపిరాడట్లేదేమోనని నర్సుని కేకేసేది. నర్సు వచ్చి చూసి, ఏం లేదమ్మా, అనేది. దాహమేమోనని తడిగుడ్డ పెదాలకి అద్దేది. అయినా తెరిచేవాడు. ఏమడిగాడో ఈ రోజుకీ ఆమెకి తెలియదు.

పట్టించుకోకు అంటే ఎలా? డబ్బా మూత బిగించింది గానీ, కాళ్లు గుమ్మం దాటలేదు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని తొట్టె ముందు కూర్చుంది. చిట్టి అద్దం దాకా వచ్చి నోరు తెరుస్తూ, మూస్తూ ఉంది.

"కడుపు నిండింది కదే. ఇంకా ఏంటి?" అంది.

అది తెరుస్తూనే ఉంది.

"సరేలే" అంది లోవలక్ష్మి. "ఇక్కడే ఉన్నాలే."