తల దించని ఎర్రది

లాయంలో అందరికీ బాబాయ్ అయిన ముసలి కాపరికి, దాణా బకెట్‌ను తలుపుకేసి తట్టి లోపలికి రావడం ఏళ్ల నాటి అలవాటు. ఆ చప్పుడుకి ఎర్ర గుర్రం సకిలించేది, పక్క గదిలోని నల్లది గోడను గిట్టతో తన్నేది. నల్లదాన్ని కొన్నవాళ్లు వచ్చిన రోజు, గొడవ లేకుండా పని కానివ్వడానికి ఆయనే ఉపాయం చెప్పాడు. ఎర్రది బకెట్‌లో మూతి పెట్టగానే, దాని జోడును గుట్టుచప్పుడు కాకుండా బయటికి నడిపించేశారు. అది తల ఎత్తేసరికి పక్క గది ఖాళీ. అందరూ ఆయన్ని భేష్ అన్నారు. ఆనాటి నుంచి ఎర్రది తల దించి తినడం మానేసింది. ఇప్పుడాయన బకెట్ తట్టడు. గుండెల ఎత్తున పట్టుకుని నిలబడితే, అది నోటినిండా అందుకుని తలుపు వైపు చూస్తూ నములుతుంది. "కింద పెట్టి రా బాబాయ్, ఆకలేస్తే అదే తింటుంది," అంటుంది లద్ది ఎత్తే ఆవిడ. "తల దించితే దానికి తలుపు కనపడదమ్మా," అంటాడు. చేతులు లాగేస్తున్నా బకెట్ దించడు. దాని మొహం చూడలేక ఆయనా తలుపు వైపే చూస్తుంటాడు.