సారు రాసిన ఊరు, మా ఊరు

"సారు పోయిండు కొడుకా. నువ్వు మాత్రం రాకు" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటి మాటకు ఏడుపు రావాలి. రెండో మాటకు భయమే ముందు వచ్చింది. సిరిసిల్లలో నా సెల్‌ఫోన్ రిపేరు షాపులో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో అలాగే కూర్చుండిపోయాను.

ఆయన కోరుట్ల కాలేజీలో మాకు ఇంగ్లీషు చెప్పారు. మా ఇద్దరిదీ బుగ్గారం దగ్గర ఒకటే ఊరు. పాఠం తొందరగా ముగించి, తాను రాసిన కథలు చదివేవారు. అన్నీ రాబోయే కాలపు కథలే, అన్నీ భయపెట్టేవే. కళ్ళద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుని నెలలు గడిపే మనిషి, కథలో ఒక మాట కుదరకపోతే పేజీ అంతా మళ్ళీ రాసేవారు.

ఒక కథ మరిచిపోలేను. ఆ ఊళ్ళో అందరూ సమానం. ఏడాదికోసారి అందరూ చేతులెత్తి ఒక ఇంటిని వెలివేస్తారు. ఎందుకో ఎవరికీ తెలియదు, తాతల నాటి నుంచి ఉంది కాబట్టి ఎత్తుతారు. "అందరివీ సమానమైన చేతులే కదా" అంటాడు కథలో ఊరిపెద్ద. మేము పగలబడి నవ్వాం. సారు నవ్వలేదు. "నవ్వుండ్రి. మీ చెయ్యి ఎప్పుడు లేస్తదో మీకు గూడ తెల్వదు" అన్నారు.

నిరుడు పోచమ్మ బోనాలకు దళితవాడ ఆడవాళ్ళను ఎప్పటిలాగే వరుసలో చివర నిలబెట్టారు. ఎందుకని సారు అడిగారు. "పెద్దలు పెట్టిన పద్ధతి" అన్నారు గ్రామ కమిటీవాళ్ళు. "పెద్దలను అడుగుదామంటే లేరు, మిమ్మల్నే అడుగుతున్న" అన్నారాయన. అంతే. మర్నాడు కమిటీ ఆయన ఇంటిని వెలివేసింది. ఆ ఇంటితో మాట్లాడినవాళ్ళకూ అదే శిక్ష. ఒప్పుకున్నవాళ్ళను చేతులెత్తమన్నారు. పండుగకని ఇంటికి వచ్చిన నేనూ ఆ గుంపులో ఉన్నాను. పక్కవాడి చెయ్యి లేచింది, నాదీ లేచింది. ఎవరూ నా మెడమీద కత్తి పెట్టలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత ఒకసారి జగిత్యాల బస్టాండులో సారు ఎదురుపడ్డారు. నేను నోరు తెరిచేలోపే "మాట్లాడకురా, ఎవరన్న చూస్తే మీ అమ్మకు కిరాణం సామాను ఇయ్యరు" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దాని వెనక నుంచే "మంచిగున్నవా?" అని అడిగారు. నా పిరికితనాన్ని నాకు చూపించినవారు ఆయన. అయినా నా మీద కోపం పెట్టుకోలేదు. ఆ రుణం తీరేది కాదు.

అమ్మ వద్దన్నా వెళ్ళాను. బస్సు దిగేదాకా వెనక్కి తిరుగుదామనే ఉంది. సారు ఇంటి ముందు పాడె మోయడానికి ముగ్గురే ఉన్నారు, ఆయన అల్లుడు, దళితవాడ నుంచి వచ్చిన ఇద్దరు. సారు భార్య నన్ను చూసి "మీ అమ్మ ఒక్కతే ఉంటది గదా కొడుకా" అంది. నాలుగో మూల భుజానికెత్తుకున్నాను.

డప్పు లేదు. మేము నడుస్తుంటే ఊళ్ళో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. కిటికీ సందుల్లోంచి చూస్తున్నారు. మా ఇంటి ముందుకు వచ్చాం. అమ్మ గడపలో నిలబడి ఉంది. పాడెను చూసింది, నన్ను చూసింది. మెల్లగా లోపలికి జరిగి తలుపు వేసింది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది.