రెండో పంపు నూనె

ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిన ఫిట్టరును కాకా అని పిలిచేదాన్ని. ఇబ్రహీంపట్నంలో డిప్లొమా ముగించి అక్కడ ట్రైనీగా చేరాను. యంత్రాలను చల్లబరిచే నీళ్లకు రెండు పంపులు. రెండిట్లో ఏది ఆగినా యంత్రాలన్నీ ఆపాల్సిందే. ఆ పంపుల గదిలో మేమిద్దరమే. కాక పొడవాటి స్క్రూడ్రైవరు మొనను పంపు షాఫ్టు తిరిగే బేరింగు పెట్టెకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. సంచిలో ఎప్పుడూ ఏదో నవల మోసుకు తిరిగే నాకు ఆ వినడం చదవడంలాగే ఉండేది.

"మోటరన్న జర లొల్లి పెడ్తది. నువ్వు గది గూడ పెట్టవు. నీకేమన్న అయితే ఎట్ల ఎర్కైతది బిడ్డా?" అనేవాడు.

నేను నవ్వి ఊరుకునేదాన్ని.

కాకకు చూపు ఆనడం లేదని నెల తిరక్కముందే నాకు తెలిసిపోయింది. కళ్లలో పొరలు. ఆపరేషన్ చేయించుకుంటే కొన్ని వారాలు దుమ్ములోకి రావద్దన్నారట. కాంట్రాక్టు మనిషి అన్నాళ్లు రాకపోతే ఆ చోట ఇంకొకరు నిలబడతారు. అందుకే నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బేరింగు పెట్టెకు రూపాయి బిళ్లంత అద్దం ఉంటుంది, లోపలి నూనె అందులోంచి కనబడుతుంది. రోజూ పొద్దున ఆయన వినేవాడు, నేను చూసేదాన్ని.

"నూనె ఎట్లుంది?"

"మంచిగుంది కాకా."

ఆ ఒక్క మాట మీదే ఆయన ఆ గదిలో ఉండగలుగుతున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

ఆయుధపూజకు పంపులను పొడిగుడ్డతో తుడవడమే కాక పద్ధతి. "మనిషికి తలంటు, మిషన్‌కు పొడిగుడ్డ," అనేవాడు. ఆ ఏడు పూజ ముందు రోజు ఆయన గుమ్మడికాయ, పూలు కొనడానికి బజారుకు వెళ్లాడు. సూపర్‌వైజరు సారు వచ్చి, లారీలు కడిగే ప్రెషర్ పైపు నా చేతిలో పెట్టాడు.

"మెరవాలె. రేపు పెద్దసారు ఫోటో దిగుతడు."

షాఫ్టు బేరింగు పెట్టెలోకి పోయే చోట రబ్బరు సీలు అరిగిపోయింది, నీళ్లు కొడితే లోపలి నూనెలో కలుస్తాయి. ఆ వాక్యం నా నోట్లో మొత్తం సిద్ధంగా ఉంది.

"అట్లనే సార్," అన్నాను.

కడిగాను. మర్నాడు కాక రెండో పంపుకు బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, పెట్టె మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

పండుగ సెలవు అయ్యాక అద్దంలోకి చూశాను. తేనె రంగులో ఉండాల్సిన నూనె పాలు కలిసిన చాయలా ఉంది.

"నూనె ఎట్లుంది?"

చెబితే, ఎవరు కడిగారని అడుగుతాడు. ఎందుకు కడిగినవ్ అంటాడు. అంతకు మించి ఏమీ అనడు. తిట్టే మనిషి కాదు. అయినా అద్దం మీంచి చూపు తిప్పుకున్నాను.

"మంచిగుంది."

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: రెండో పంపు నూనె తెల్లబడింది, రేపు చెప్పాలి. మర్నాడూ అదే రాశాను. నేనే గుట్టుగా మార్చేద్దామనుకున్నాను గానీ, స్టోరులో నూనె ఇవ్వాలంటే చీటీ మీద సారు సంతకం కావాలి. సంతకం అడగాలంటే కారణం చెప్పాలి.

వారం తర్వాత కాక స్క్రూడ్రైవరు తీసి, చెవి తుడుచుకొని, మళ్లీ పెట్టాడు.

"సన్నగ గరగర అంటుంది. ఇసుక మీద చెప్పులు రాకినట్టు. నూనె మంచిగ చూసినవా?"

"అవ్ కాకా. చూసిన."

తన చెవికంటే నా మాటనే నమ్మాడు. లోపం ఇంకెక్కడో ఉందనుకొని వెతికాడు. పునాది బోల్టులు బిగించాడు. మోటారునూ పంపునూ కలిపే చోట రబ్బరు మార్చాడు. రెండూ ఒకే గీతలో ఉన్నాయా అని వేళ్లతో తడిమి తడిమి సరిచేశాడు. మూడు రోజులు మోకాళ్ల మీదే. అద్దంలో నూనె అప్పటికి తుప్పు రంగుకు తిరిగింది. నేను స్పానర్లు అందిస్తూ నిలబడ్డాను.

ఒక మధ్యాహ్నం పంపు కీచుమని అరిచి పట్టేసింది. యంత్రాలన్నీ ఆగిపోయాయి. పెట్టె విప్పితే గోధుమరంగు బురద. సారు దాన్ని వేలితో తీసి కాక ముఖం ముందు పెట్టాడు.

"గిదేంది?"

"ఏంది సార్?"

"కనవడ్తలేదా నీకు?"

"ఎన్ని వేళ్లో అడుగుండ్రి సార్," అని వెనక ఎవరో నవ్వారు.

కాక నేను ఉన్న వైపు ముఖం తిప్పాడు. నేను నా బూట్లు చూసుకున్నాను.

"నేనే చూసుకోలె సార్," అన్నాడాయన.

ఆ సాయంత్రమే పంపేశారు.

ఆయన ఇంటికి వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. కొంగరకలాన్ దాటాక, చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతిన చోట ఆ ఇల్లు. అరుగు మీద కూర్చొని ఉన్నాడు.

"ఆపరేషనైంది బిడ్డా. ఇప్పుడు మస్తు కనవడ్తుంది. నువ్వు గింత సన్నగుంటవనుకోలె," అన్నాడు.

నిలబడే అంతా చెప్పాను. నేను నీళ్లు కొట్టిందీ, మొదటి రోజే నూనె తెల్లగా కనబడిందీ, అయినా మంచిగుందన్నదీ. బతుకులో నేను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడింది అప్పుడే.

కాక పాఠం చెప్పినట్టే అన్నాడు: "అరగంట పనుండె. పాత నూనె దించి, లోపల కడిగి, కొత్తది పోస్తే అయిపోతుండె."

చెవి తడుముకుంటూ, "గిన్ని దినాల సంది నా చెవి గూడ పోయిందనుకున్న బిడ్డా," అన్నాడు.

ఆయన లేచి లోపలికి వెళుతూ, "ఇగ పో. బస్సు పోతది," అన్నాడు.

బస్సులో డైరీ తెరిచి దసరా తర్వాతి పేజీలు తిప్పాను. రెండో పంపు నూనె తెల్లబడింది, రేపు చెప్పాలి. వరుసగా పదకొండు రోజులు, గుండ్రటి అక్షరాల్లో, ఎక్కడా కొట్టివేతలు లేకుండా.